సముద్రము పాలగు నీరు

సముద్రతీరమునకు దూరముగా, దక్కను పీఠభూమిపై నెలకొన్న సికింద్రాబాదు నగరవాసులకు కోరంగి మడ అడవులతో నేమి సంబంధమని శ్రోతలు అడుగవచ్చును. కాకినాడకును మనకును నడుమ సుమారు 500 కిలోమీటర్ల దారి యున్నది. కనుక ఆ ప్రశ్న సమంజసమైనదే. దానికి సమాధానము దొరకు తావులు రెండు. ఒకటి మోండా మార్కెట్టు; రెండవది మన యింటి కుళాయి.

మొదట మార్కెట్టు సంగతి విచారింతము. మోండా మార్కెట్టులోను, దానికి చేరువనున్న రాంగోపాలుపేట చేపల బజారులోను మంచుపెట్టెల నుండి దిగు సరకును చూచినవారికి ఒక విషయము తెలియును. అందులో బొచ్చె, శీలావతి మొదలైనవి చెరువులలో పెంచిన చేపలు. అవి చాలవరకు కృష్ణా గోదావరీ మండలముల నుండి వచ్చును. వంజరము, చందువ సముద్రమున పట్టినవి. ఇవి గాక పండుగొప్ప, మండపీత, సముద్రపు రొయ్య అను మూడవ తరగతి యొకటి కలదు. ఈ మూడవ తరగతి జీవుల బ్రతుకు కొంత ఉప్పునీటిలోను, కొంత మంచినీటిలోను గడచును. నది సముద్రమున కలియు చోటు, అచ్చటి మడ చెట్ల నీడ లేనిచో ఆ సరకు మన తక్కెడలోనికి వచ్చుట కష్టము.

ఇక కుళాయి. 1960ల దశకము నుండి జంటనగరములకు మంజీరా నీరు వచ్చుచున్నది. మంజీర గోదావరికి ఉపనది. అటుపిమ్మట ఎల్లంపల్లి నుండి గోదావరి నీటినే గొట్టముల ద్వారా నగరమునకు తెచ్చినారు. కావున మోండా మార్కెట్టులో కూరలు కడుగు నీటిలోను, మన కూజాలలోని నీటిలోను గోదావరి భాగము కొంత కలదు. నది ఎగువ భాగమున నీరు త్రాగువారికి, అదే నది చివర బ్రతుకు అడవితో సంబంధము లేదనుట కుదరదు.

ఆ నది చివరనున్న అడవియే కోరంగి వన్యప్రాణి అభయారణ్యము. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును అనుసరించి, 1978లో దీనిని అభయారణ్యముగా ప్రకటించిరి. విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. కోరంగి, గాడేరు అను పాయలు ఈ అడవిలో అల్లుకొని ప్రవహించి కాకినాడ అఖాతమున కలియును. అఖాతమునకు తూర్పున హోప్ ఐలాండ్ అను సన్నని ఇసుక దిబ్బ మైళ్ల పొడవున పడియున్నది. గోదావరి తెచ్చిన ఇసుకను కెరటములు పేర్చగా, గత రెండు శతాబ్దములలో పెరిగిన దిబ్బ యిది. బంగాళాఖాతపు అలల ధాటిని ఈ దిబ్బ అడ్డగించుట వలననే లోపలి నీరు నిమ్మళముగా నుండి, ఒండ్రు నిలిచి, మడ చెట్టు వేరూనుటకు వీలైనది.

ఈ ప్రాంతము మన చరిత్రలో పేరెన్నిక గన్నది. చొల్లంగి అమావాస్యనాడు సాగరసంగమ స్నానమునకు వచ్చు యాత్రికులెందరో కలరు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఈ రేవు పేరు మీదుగానే బర్మాకు వలసపోయిన తెలుగువారిని అచ్చట కొరంగీలని పిలిచిరి. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులు ఈ రేవును నాశనము చేసినవి. 'సైక్లోన్' అను ఇంగ్లీషు పదమును సృష్టించిన హెన్రీ పిడింగ్టన్ తుపానులను గూర్చి వ్రాయుచు, కోరంగిని ముంచెత్తిన ఉప్పెనను వర్ణించినాడు. 1996 నవంబరు 6వ తేదీన కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. ఇట్టి తీరమున నిలుచు చెట్టు విలువ కట్టెల లెక్కతో తేలునది కాదు.

మడ చెట్టు బ్రతుకు విధానము విచిత్రమైనది. రోజునకు రెండుమార్లు పోటు వచ్చి ఉప్పునీటిలో ముంచును. పాటు వచ్చి బురదను బయటపెట్టును. ఆ బురదలో గాలి యాడదు. అందుచేత నల్లమడ, తెల్లమడ చెట్లు మేకుల వంటి వేళ్లను నేలపైకి పంపి గాలి పీల్చుకొనును. పొన్న జాతి చెట్లలో విత్తనము తల్లికొమ్మపై నుండగనే మొలకెత్తి, కాడవలె పొడవుగా పెరిగి, పిమ్మట రాలి బురదలో నాటుకొనును, లేదా నీటిపై తేలి వేరొక చోటికి పోవును. తిల్ల అను చెట్టున్నది. దాని పాలు కంట పడినచో చూపునకు ప్రమాదము కనుక కట్టెలు కొట్టువారు దానికి జంకుదురు. ఈ చెట్ల ఆకులు రాలి బురదలో కుళ్లి సూక్ష్మజీవులకు ఆహారమగును. వానిని చిన్న పురుగులు, పీతలు, రొయ్యపిల్లలు తినును. రొయ్యపిల్లలను చేప తినును. చేపను కొంగ, నీటికుక్క, మనుష్యుడు తినుచున్నారు. అడవి ఆకు కొస నుండి మన కంచము వరకు ఈ గొలుసు సాగుచున్నది.

రొయ్య సముద్రమున గ్రుడ్లు పెట్టును. పొదిగిన పిల్లలు పోటునీటితో పాయలలోనికి వచ్చి, మడ వేళ్ల నడుమ పెరిగి, ఎదిగిన పిమ్మట సముద్రమునకు మరలిపోవును. మండపీత బురదలో పెరిగి, గ్రుడ్ల కాలమున ఆడుపీత సముద్రమునకు దిగును. పండుగొప్ప కథ మరియు వింతయైనది. ఆ చేప సాధారణముగా మొదట మగదిగా పెరిగి, కొన్ని యేండ్లకు, పెద్దదైన పిమ్మట ఆడుదగును. చిన్నతనముననే వానినన్నింటిని పట్టివేసినచో గ్రుడ్లు పెట్టుటకు ఆడుచేప మిగులదు. ఈ సంగతి నెరిగినవాడు వలకన్ను ఎంత యుండవలెనో, ఎట్టి చేపను విడిచిపెట్టవలెనో తానే గ్రహింపగలడు.

ఇట్టి అడవి ఎట్లు క్షీణించెను? అభయారణ్యముగా ప్రకటించుటకు పూర్వము పలు దశాబ్దములు వంటచెరకు కొరకు అడవిని భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును మొదలంట నరకు పద్ధతి యుండెను. మరల చెట్లు మొలుచునని అప్పటివారు భావించిరి. కాని మడ నేల స్వభావము వేరు. చెట్లు పోయి ఎండ తగులగనే బురదలోని తేమ ఆవిరియై నేల క్రుంగును. క్రుంగిన నేల పళ్లెమువలె గుంటపడును. పోటు నీరు ఆ పళ్లెములోనికి వచ్చును గాని పాటునందు బయటికి పోదు. నిలిచిన నీరు ఎండకు ఇగిరి ఉప్పు మిగులును. ఏటేట ఉప్పు పెరిగి, తుదకు ఏ విత్తనమును మొలకెత్తలేని చవిటినేల యగును. 1980ల తరువాత రొయ్యల చెరువులు విస్తరించినవి. ఆ చెరువులకు రొయ్యపిల్లలు కావలసివచ్చి, సన్నకన్ను వలలతో పాయలను గాలించిరి. కావలసిన రొయ్యపిల్లలను ఏరుకొని తక్కిన చేపపిల్లలను, పీతపిల్లలను గట్టున పారవేసిరి. ఒక జాతి కొరకు పలు జాతుల సంతానము గట్టున ఎండిపోయినది.

చట్టము వెంటనే మేల్కొనలేదనుట న్యాయము. 1991లో తీరప్రాంత నియంత్రణ ప్రకటన వెలువడెను. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ నియంత్రిత మండలమున కొత్త రొయ్యల చెరువులను నిషేధించుచు తీర్పు చెప్పెను; సంప్రదాయ పద్ధతులకు మాత్రము మినహాయింపు నిచ్చెను. 2005లో తీరప్రాంత జలజీవుల పెంపకమును క్రమపరచు ప్రత్యేక చట్టము వచ్చెను. కాని చట్టము గొడ్డలిని ఆపగలదేమో గాని, చవిటినేలపై చెట్టును మొలిపింపజాలదు. అందుకు వేరు విద్య కావలెను.

ఆ విద్య 1990ల చివర కోరంగికి వచ్చినది. ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు అటవీశాఖతోను, మట్లపాలెము మొదలైన గ్రామముల ప్రజలతోను కలిసి పని నారంభించిరి. చచ్చిన నేలకు మొదట నీటి దారి చూపవలెనని వారి పద్ధతి. పాయ నుండి ఒక పెద్దకాలువ త్రవ్వుదురు. దానికి ఇరుప్రక్కల ఏటవాలుగా చిన్నకాలువలు తీయుదురు. పైనుండి చూచినచో అది చేప వెన్నెముకవలె కనబడును. పోటునందు నీరు నేలయంతట పారి, పాటునందు బయటికి పోవుచు ఉప్పును కడిగికొని పోవును. ఉప్పు తగ్గిన పిమ్మట కాలువ గట్లపై మొక్కలు నాటుదురు. ఉప్పునకు ఓర్చుకొను మడ మొక్క ముందు నిలదొక్కుకొనును. తక్కినవి క్రమముగా వచ్చును. నీటి రాకపోకలు సరిపడినచో చాలచోట్ల విత్తనములు తామే కొట్టుకొని వచ్చి మొలకెత్తుచున్నవి. కావున అడవిని మరల పెంచుటయనగా ముందుగా నీటిని నడపుట యని మేము గ్రహించితిమి. నాటిన మొక్కల సంఖ్యనే గొప్పగా ప్రకటించు అలవాటు మనకు కలదు. మూడేండ్ల తరువాత వానిలో ఎన్ని బ్రతికినవని అడుగువారు తక్కువ.

ఫలితమును గూర్చి అంకెలు కొంత చెప్పుచున్నవి. భారత అటవీ సర్వే లెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశమున మడ అడవుల విస్తీర్ణము 1987లో 495 చదరపు కిలోమీటర్లు, 2003లో 329, 2021లో 405. ఉపగ్రహ చిత్రముల నాణ్యత ఆ నడుమ పెరిగినది కనుక ఈ సంఖ్యలను అక్షరాల పోల్చరాదు. అయినను తరుగుదల ఆగి పెరుగుదల మొదలైనదని చెప్పవచ్చును. అడవి మరలినచోట జంతువు మరలును. అటవీశాఖవారు 2018లో కెమెరాలమర్చి లెక్కింపగా కోరంగిలో 115 బావురుపిల్లులు తేలినవి. రాత్రివేళ పాయ గట్టున కూర్చుండి, పంజాతో నీటిని తట్టి చేపను పట్టు ఈ పిల్లి, నీటికి బెదరని అరుదైన జాతి. దానికి తోడు నీటికుక్కలును, శీతకాలమున దూరదేశముల నుండి వచ్చు ఉల్లంకిపిట్టలును ఈ బురదను ఆశ్రయించి బ్రతుకుచున్నవి. పిట్టలకు కావలసినది చెట్టులేని బురదనేల. అందుచేత ఖాళీగా కనబడిన ప్రతి బురదమేటపైనను మొక్కలు నాటుట మేలుకాదు. చెట్టున్న చోటు చెట్టునకు, బయలున్న చోటు పిట్టకు విడిచిపెట్టుటయే సరియైన నిర్వహణము.

ఇసుక దిబ్బపై నివసింపకున్నను దానినే నమ్ముకొనిన ప్రాణి మరొకటి కలదు. జనవరి మొదలు వేసవి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రులందు హోప్ ఐలాండ్ ఇసుకపైకి వచ్చి, గుంట తీసి, ఒక్కొక్కటి సుమారు నూరు గ్రుడ్లు పెట్టి పోవును. నెలన్నర మొదలు రెండు నెలలలో పిల్లలు వెలువడును. ఇసుక వేడిని బట్టి ఆడుపిల్లలో మగపిల్లలో నిర్ణయమగును; వేడి హెచ్చినకొలది ఆడువి హెచ్చును. తాబేలు నీటిలో నివసించినను గాలి పీల్చు జంతువు. ట్రాలరు వలలో చిక్కి పైకి రాలేనిచో ఊపిరాడక చచ్చును. అందుకే వలలో ఇనుప చట్రమొకటి బిగించి, రొయ్య వెనుకకు పోవునట్లు, తాబేలు పైదారిని తప్పించుకొనునట్లు చేయు ఉపాయమున్నది. ఆ దారిని కొంత చేపయు తప్పించుకొనునని పడవవారి భయము. ఆ భయమును కాదనక, వారితో కూర్చుండి నష్టమెంతో కొలిచి చూపుటయే దానిని తీర్చు మార్గము.

ఇచ్చటనే అసలు చిక్కు ప్రారంభమగుచున్నది. అభయారణ్యమను మాటలో అభయము ఎవరికి? పిల్లికిని, తాబేలునకును అభయమిచ్చి, తరతరములుగా ఆ పాయలలో వల వేయు బెస్తవానికి భయము మిగిల్చినచో ఆ రక్షణ నిలువదు. పొయ్యిలోనికి కట్టె లేని యిల్లాలు, గొడ్డుకు మేత లేని రైతు అడవిలోనికి వచ్చినది దోచుకొనుటకు కాదు. గట్టున వేరే కట్టెలు పెంచి, పొగ తక్కువ పొయ్యిలు, గ్యాసు సమకూర్చి, గ్రామసంఘములలో స్త్రీలను పురుషులను ఇరువురను చేర్చుకొని, కాలువ త్రవ్వు కూలి వారికే యిచ్చినచోట ప్రజలు తామే కావలియైరి. 2011 ప్రాంతమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము సాయముతో ఆరంభమైన గోదావరి సాగరసంగమ పథకమున అటవీశాఖ, మత్స్యశాఖ, రేవులు, పరిశ్రమలు, గ్రామములు ఒకే బల్లచుట్టు కూర్చొనవలెనని యత్నించిరి. కాకినాడ అఖాతమునకు ఒకవైపు రేవు, ఎరువుల కర్మాగారములు, సహజవాయు కేంద్రములు, మరొకవైపు అడవి. అభయారణ్యపు సరిహద్దు పటముపై గీత మాత్రమే. నీటిలో కలిసిన నూనెకు ఆ గీత తెలియదు.

ఇక మన కుళాయి యొద్దకు మరల వచ్చుచున్నాము. వానకాలమున గోదావరికి వరద వచ్చినప్పుడెల్ల ఇన్ని వందల టీఎంసీల నీరు సముద్రము పాలైనదని పత్రికలు వాపోవును. సభలలో వక్తలు నిట్టూర్తురు. తెలుగునాట ఈ మాటకు వ్యర్థమైనదనియే అర్థము. పైరెండిన రైతు ఆ మాట అనుటలో తప్పులేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టా అన్నపూర్ణ యైనదనుట ఎవరును కాదనలేని సత్యము. కాని తెలుగున పాలు అనగా వాటా యనియు అర్థము కలదు. సముద్రమునకు నదిలో ఒక పాలున్నది. ఆ పాలు చేరనియెడల ఉప్పు పాయలలోనికి చొచ్చుకొని వచ్చి, మడ చెట్టు కురచబారును. వానకాలమున ఎదురీదవలసిన పులసకు దారి దొరకదు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని సామెత చెప్పుకొను మనము, ఆ పులస రాకకు కావలసిన నీటిని వృథాయనుట వింతగా నున్నది.

నీటితోపాటు ఒండ్రు సంగతియు కలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క ప్రకారము గోదావరి ఏటా తెచ్చు ఒండ్రు 1970ల దశకమున సుమారు 15 కోట్ల టన్నులుండగా, 1990ల దశకమునకు 6 కోట్ల టన్నుల లోపునకు తగ్గినది. మిగిలినది ఎగువ జలాశయముల అడుగున నిలిచిపోవుచున్నది. ఒండ్రు రాని డెల్టాను అలలు కొరికి తినుచున్నవి. ఎగువనున్న మనకు జలాశయము పూడుచున్నదను చింత. దిగువవారికి తీరము కోసుకొనిపోవుచున్నదను చింత. రెండు చింతలకును మూలమొక్కటే. తెలంగాణమని, ఆంధ్రమని 2014లో రెండు రాష్ట్రములైన పిమ్మటను నది ఒక్కటే గదా. నీటి పంపకములను గూర్చి ఇరుపక్షములును మాటలాడుకొనునప్పుడు, ఎండకాలమున నదీముఖమునకు కొంత నీరు విడుచుటయు లెక్కలోనికి రావలెనని మా మనవి. ఎంత విడువవలెనన్నది నిపుణులు తేల్చవలసిన విషయము. విడువవలెనన్నది మాత్రము మనమందరమును ఒప్పుకొనవలసిన విషయము.

బజారున కొనువారు చేయదగిన పనులు కొన్ని యున్నవి. అరచేయి నిండని మండపీతను, గ్రుడ్లతో నున్న ఆడుపీతను వలదని చెప్పవచ్చును. ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు తూర్పు తీరమున యంత్రపు పడవలకు వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమది. ఆ దినములలో చెరువుచేపతో తృప్తిపడుట కష్టము కాదు. పశ్చిమ తీరపు సరకో, శీతలగిడ్డంగి సరకో ఆ కాలమున బజారునకు వచ్చుట కలదు కనుక అమ్మువారినందరిని దోషులనరాదు. ఏ తీరమున పట్టినదని అడిగినచో చాలును. పదిమంది అడిగిన ప్రశ్నకు అంగడివాడు సమాధానము సిద్ధము చేసికొనును. ఆ సమాధానము కొరకు అతడు టోకు వ్యాపారిని అడుగును. టోకు వ్యాపారి రేవును అడుగును. ధరతోపాటు ప్రశ్నయు ఆ దారినే వెనుకకు నడచును. ఒకరి కొనుగోలు వలన కోరంగి బాగుపడునని మేము చెప్పుట లేదు. చిన్న పీతకు గిరాకి ఉన్నంతకాలము చిన్న పీతను పట్టువాడు ఉండుననుట మాత్రము నిశ్చయము.

చేప వెన్నెముక వంటి ఆ కాలువలకు ఆయువు తక్కువ. ప్రతి పోటును కొంత బురద తెచ్చి వానిలో వేయును. రెండు మూడేండ్లకు పూడిపోవును. పూడిక తీయనిచో నీరు మరల నిలిచి, ఉప్పు మరల పేరుకొని, పెరిగిన మొక్క మరల ఎండును. పథకములకు గడువులుండును, నిధులు ముగియును, అధికారులు బదిలీయై పోవుదురు. పార పట్టుకొని ఆ కాలువలో దిగు గ్రామస్థునకు ఏటేట ఆ కూలి దొరకునట్లు బడ్జెటులో చిన్న పద్దు ఒకటి శాశ్వతముగా నిలుపగలిగినచో, తక్కిన పనిని పోటుపాటులే చేసికొనును.